డ్రైవర్ సీటు వెనకనుంచి వచ్చిన టీవీ

క్యారవాన్లలో, అంటే లోపల గదులు కట్టిన బళ్లలో, కరెంటు పని నాది. ఎక్కువగా షూటింగులకు అద్దెకు తిరిగే బళ్లే వస్తాయి. ఈమధ్య సొంతంగా ఊళ్లు తిరగడానికి కట్టించుకునేవాళ్లవి కూడా ఒకటీ అరా వస్తున్నాయి. ఏసీ, జనరేటర్, ఇన్వర్టర్, మేకప్ అద్దం చుట్టూ బల్బులు, నీళ్ల మోటారు, టీవీ, ఇలా వైరున్నదేదైనా చివరికి నా నెత్తిమీదకే వస్తుంది. ఈ కేసు గత ఎండాకాలంది. యజమానిని అడిగి, ఆయన సరేనన్నాకే రాస్తున్నాను. బండి నంబరు, ఏజెన్సీ పేరు, అందులో ఎవరు కూర్చునేవారు అన్న సంగతులు వదిలేశాను. కొలతలు మాత్రం నా డైరీలో ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

బండి

2011లో బాడీ కట్టిన బండి. బస్సు చాసిస్ మీద రెండు గదులు. ముందుది పెద్దది, వెనకది చిన్నది, దేని తలుపు దానిదే. డ్రైవర్ క్యాబిన్‌కీ ముందు గదికీ మధ్య అడ్డగోడ ఉంది. ఆ గోడకు గది వైపున ఒక పెట్టె ఉబ్బెత్తుగా కట్టి, అందులో 26 అంగుళాల ఎల్‌సీడీ టీవీ కూర్చోబెట్టారు. ఎదురుగా సోఫా. ముందు నుంచి చూస్తే టేకు రంగు సన్‌మైకా ఫ్రేము, మధ్యలో తెర, ఫ్రేము కింది అంచున రూపాయి బిళ్లంత గంటు. రిమోట్ సిగ్నల్ టీవీ కన్నుకు తగలడానికి కోసిన గంటు అది. ఎంత వెతికినా ఒక్క స్క్రూ తల కనబడదు. కట్టినవాడు దాన్ని పనితనం అనుకుని ఉంటాడు. పద్నాలుగేళ్ల తర్వాత దాన్ని విప్పాల్సినవాడి నోట వేరే మాట వస్తుంది.

బాడీ కట్టిన షెడ్డు ఎప్పుడో మూతపడింది. ఇప్పటి యజమాని మూడో చెయ్యి. వైరింగ్ పటం లేదు, ఫోటోలు లేవు, అడుగుదామంటే మనిషీ లేడు.

ఫిర్యాదు

"అన్నా, మాటలొస్తున్నయ్, బొమ్మ వస్తలేదు. ఎట్లాగూ పాతదే, తీసేసి 32 పెట్టెయ్. శుక్రవారం పొద్దుగాల బండి షూటింగ్‌కి పోవాలె" అన్నాడు యజమాని. అది మంగళవారం సాయంత్రం. అంటే నా చేతిలో ఉన్నవి రెండు రోజులు.

మార్చమన్నా సరే, ముందు అసలు జబ్బేమిటో చూడాలి కదా. గదిలో లైట్లు ఆపి, టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చి తెర మీద ఏటవాలుగా వేశాను. నల్లగా ఉన్న తెర లోపల వార్తలు చదివే అమ్మాయి నీడలా కదులుతోంది. బొమ్మ తయారవుతోంది, వెనక వెలుగే లేదు. ఆ కాలం ఎల్‌సీడీలలో వెనక వెలుగు సన్నటి ట్యూబులైట్లది. అవి గానీ, వాటిని వెలిగించే బోర్డు గానీ పోయి ఉంటాయి. రిపేరు చేద్దామన్నా టీవీ బయటికి రావాల్సిందే. ఆ బోర్డు దొరకడం కష్టం, దొరికినా పాత సామాన్లోంచి పీకిందే దొరుకుతుంది. కాబట్టి రిపేరు ఆలోచన అక్కడే వదిలేశాను. ఇంతవరకు తేలికే.

32 దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. "26కీ 32కీ ఆరంగుళాలే కదా తేడా" అన్నాడాయన. టీవీ అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు. వెడల్పులో 26 అంగుళాల తెర 57 సెంటీమీటర్ల పైచిలుకు, 32 అంగుళాలది 71 దగ్గర. అంచులు కలిపితే 32 అంగుళాల టీవీ 72 పైనే ఉంటుంది. ఫ్రేము కంత కొలిచాను: 60 వెడల్పు, 35 ఎత్తు. తెర చుట్టూ పాత టీవీ నల్లటి అంచు అన్ని వైపులా ఫ్రేము కిందికి దూరి ఉంది. ఆ కాలం టీవీలకు కింద స్పీకరు పట్టీ కూడా ఉండేది, అదీ ఫ్రేము చాటునే ఉండాలి.

నాకు మొదటిసారి ఒళ్లు జలదరించింది అక్కడే. టీవీ కంతకన్నా పెద్దది. ముందు నుంచి అది లోపలికి పోలేదు, ముందు నుంచి బయటికి రాదు.

మొదటి రోజు: వేలు పెట్టి చూసినవన్నీ

రాదని తెలిసీ ఫ్రేము మీదకే వెళ్లాం. నా తప్పును ఇక్కడ దాచను. ఫ్రేమునే మొత్తంగా తర్వాత బిగించి ఉంటారేమో, అది ఊడితే టీవీ దానంతటదే వస్తుందేమో అనుకున్నాను. నా లెక్క పూర్తిగా తప్పు కాదు. అలా కట్టిన బళ్లు చూశాను, అంచున ఉన్న బీడింగు పట్టీ లాగితే నాలుగు స్క్రూలు బయటపడతాయి. మా కుర్రాడు పలచటి పుట్టీ బ్లేడు తీసుకుని ఎడమవైపు పైమూలలో బీడింగు కిందికి దూర్చాడు. రెండు మిల్లీమీటర్లు లేచింది. ఆ సందులో ఎండిన తెల్ల జిగురు, పక్కనే తలలేని మేకు. మరి కొంచెం తిప్పగానే టక్కుమని సన్‌మైకా మూల గోరంత ముక్క ఎగిరి సోఫా మీద పడింది.

"గట్ల గుంజితే మొత్తం లేస్తది అన్నా" అన్నాడు వాడే, బ్లేడు పక్కన పెట్టేసి.

అప్పుడు ఆపేశాను. ఫ్రేము ప్లైకి జిగురుతో, మేకులతో అంటించారు. అది విప్పడానికి పెట్టింది కాదు. ఆ డిజైను సన్‌మైకా ఇప్పుడు సికింద్రాబాద్ రాణిగంజ్ అంతా తిరిగినా దొరకదు. ఒక పక్క ఫ్రేము పాడైతే గది మొత్తానికి కొత్త మైకా వేయాల్సి వస్తుంది. సాయంత్రం యజమాని ఫోన్ చేసి "కోసెయ్ అన్నా, గ్రైండర్ పెట్టి ఫ్రేమును కోసెయ్" అన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అని నా వాదన. అసలు కారణం వేరే ఉంది. కోస్తే వెనక్కి తిరగలేం, పైగా ఆ ఫ్రేము వెనక ఏ వైరు ఎటు పోతుందో నాకు తెలియదు. కోత ఎప్పుడైనా ఉంటుంది, ఇవాళ కాదు అని చెప్పాను.

తర్వాత పక్కన ఉన్న అల్మారా చూశాం. సెట్‌టాప్ బాక్సు అందులోనే ఉంటుంది. దాని వెనక గోడకు వైర్ల కోసం పిడికిలి పట్టేంత కంత ఉంది. చెయ్యి దూర్చితే మోచేతి దాకా పోయింది. వేళ్లకు ఏదో ఇనప పట్టీ తగిలింది, దాని మీద ఒక నట్టు. పానా మాత్రం ఆ కోణంలో తిరగదు. ఇక్కడ కూడా ఒక ఆశ పుట్టింది, పొడుగు ఎక్స్‌టెన్షన్‌తో ఆ నట్టు తిప్పుదామని. కానీ నాలుగుంటాయి, చేతికి అందింది ఒకటి. ఒకటి విప్పి మూడు వదిలేస్తే టీవీ పక్కకు ఒరిగి తెర పగులుతుంది. వద్దనుకున్నాను.

ఇదంతా చేస్తుండగానే ఒక ప్రమాదం తప్పింది. అది ఈ పని చేసేవాళ్లందరికీ తెలియాలి. అల్మారాలో చెయ్యి పెట్టకముందే జనరేటర్ ఆపించాను, బయట నుంచి వచ్చే లైను ప్లగ్గు పీకించాను. టీవీ వైరు అక్కడ ఒక జాయింటు దగ్గర టేపు చుట్టి కనబడింది. ప్లగ్గూ లేదు, స్విచ్చూ లేదు, వైరుకు వైరు మెలేసి చుట్టేశారు. టెస్టరు పెట్టాను, వెలిగింది. బళ్లలో టెస్టరును నేను పూర్తిగా నమ్మను, పక్క వైరు నుంచి ఊరికే పాకిన వోల్టేజికి కూడా అది వెలుగుతుంది. హోల్డరుకు బిగించిన 60 వాట్ల పాత బల్బు ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. దాన్ని కలిపి చూస్తే నిండుగా వెలిగింది. నిజమైన కరెంటే.

ఇన్వర్టర్. సోఫా కింద పెట్టెలో ఉంది. లైను పోగానే దాని పని అది చేసింది, బ్యాటరీ నుంచి 230 వోల్టులు ఇస్తూ కూర్చుంది. జనరేటర్ ఆపడమే దాన్ని లేపడం. ఇంట్లో మెయిన్ ఆపితే సరిపోతుందని అలవాటైన చేతులు బండిలో ఇక్కడే దెబ్బతింటాయి. ఇన్వర్టర్ స్విచ్చు ఆపి, బ్యాటరీ నెగటివ్ ముందు విప్పి, మళ్లీ బల్బు పెట్టి చూశాకే పని మొదలుపెట్టాం. అప్పటినుంచి పని కాగితం మీద మొదటి గీతలో మూడు పేర్లు రాస్తున్నాను: బయటి లైను, జనరేటర్, ఇన్వర్టర్. మూడింటి పక్కనా టిక్కు పడితేనే టూల్ బాక్సు తెరుస్తాం.

రాత్రి ఆలోచన

ఆ రాత్రి పని ఆపి, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న చిన్న ట్యూబు కెమెరా బయటికి తీశాను. ఫోనుకు తగిలించుకునేది, ముందు చిన్న లైటు ఉంటుంది. దాన్ని అల్మారా కంతలోంచి పంపి, టీవీ వెనకభాగం అంగుళం అంగుళం చూశాను. పద్నాలుగేళ్ల దుమ్ము, చచ్చిన బొద్దింకలు, ఆ మధ్యలో నాకు కావలసింది.

టీవీ వీపుకు ఒక ఇనప పట్టీ బిగించి ఉంది. ఆ పట్టీలోంచి నాలుగు బోల్టులు వెనక ప్లై గోడలోకి పోతున్నాయి. నట్టులు టీవీ వైపున ఉన్నాయి, ఒక్కొక్క నట్టు చుట్టూ పట్టీ మీద వెల్డింగు గడ్డ కనబడుతోంది. చేతికి తగిలింది ఆ నట్టే. వెల్డు చేసిన నట్టు తిరగదు. అంటే ఆ నట్టు విప్పడానికి కాదు, బోల్టును పట్టుకోవడానికి. మరి బోల్టు తల? మర కొస మా వైపుంటే తల అవతలి వైపుండాలి. ఆ ప్లైకి అవతల ఉన్నది డ్రైవర్ క్యాబిన్.

అప్పుడు బండిని కట్టినవాడి చేతులతో ఆలోచించడం మొదలుపెట్టాను. ముందు స్క్వేర్ పైపులతో అడ్డగోడ చట్రం వెల్డు చేసి ఉంటాడు. తర్వాత గది వైపున పెట్టె, దానికి ఫ్రేము, సన్‌మైకా. గది వైపు పని మొత్తం అయిపోయాక, టీవీని కింద టేబులు మీద ఒక ప్లై పలకకు బిగించి, ఆ పలకను టీవీతో సహా ఎత్తి క్యాబిన్ వైపునుంచి పెట్టెలోకి దూర్చి, చుట్టూ చట్రానికి స్క్రూలు కొట్టి ఉంటాడు. చివరగా దాని మీద రెగ్జిన్ అంటించి ఉంటాడు. అలా అయితేనే కంతకన్నా పెద్ద టీవీ లోపల ఉండగలదు, ఒక్క స్క్రూ కూడా గదిలో కనబడకుండా ఉండగలదు. ఇంకో దారిలో ఆలోచిస్తే ఏదో ఒకటి పొసగడం లేదు.

పెట్టిన క్రమం తెలిస్తే తీసే క్రమం దానికి తలకిందులు. మొదట రెగ్జిన్, తర్వాత పలక చుట్టూ స్క్రూలు, చివరికి నాలుగు బోల్టులు. ఈ వరుస కాగితం మీద రాసి పడుకున్నాను.

రెండో రోజు: క్యాబిన్ వైపునుంచి

పొద్దున్నే డ్రైవరు వచ్చాడు. తన సీటు వెనక గోడ విప్పుతామంటే మొహం మాడ్చాడు. "ఉస్తాద్, టీవీ అటుపక్క ఉంటే ఇటుపక్క ఎందుకు చింపుతున్నవ్?" అన్నాడు. చింపను అన్నా అని చెప్పి, స్పీకరులోంచి తీసిన పాత అయస్కాంతాన్ని దారానికి కట్టి రెగ్జిన్ మీద నడిపించాను.

నాలుగు బోల్టుల తలలు పది నిమిషాల్లో దొరికాయి. చట్రం గీతలకు దూరంగా, పలక మధ్యలో, చక్కటి చతురస్రంలా అయస్కాంతం నాలుగు చోట్ల అతుక్కుంది. మా కుర్రాడు కట్టరు తీసుకున్నాడు, ఆ నాలుగు చోట్లా చిన్న గీత పెట్టి బోల్టులు విప్పేద్దామని. వాడిది తేలికైన ఆలోచన, రెగ్జిన్ కూడా పెద్దగా పాడవదు. వద్దన్నాను. ఈ కేసులో నేను సరిగ్గా తీసుకున్న నిర్ణయం ఒకటుందంటే అదే. పలక గోడకే ఉండగా ఆ నాలుగు బోల్టులు విప్పితే టీవీని పట్టుకునేది ఏదీ ఉండదు. పట్టీతో కలిపి పదీ పన్నెండు కిలోల బరువు పెట్టెలోపల జారి, తెర వెళ్లి ఫ్రేము అంచు మీద పడుతుంది. ట్యూబులైట్లున్న తెర పగిలితే అందులో ఉన్న కాస్త పాదరసం ఆ గదిలోనే ఉంటుంది, గాజు పెంకులు ఎలాగూ ఉంటాయి. అయినా టీవీ మాత్రం బయటికి రాదు. ముందుగా దొరికిన బోల్టులు ఆఖరున విప్పాల్సినవి.

పలక చుట్టూ స్క్రూలు దొరకడం కష్టమైంది. అవి స్క్వేర్ పైపు మీద ఉన్నాయి. ఇనప పైపు పొడవునా అయస్కాంతం అతుక్కుంటూనే పోతుంది, స్క్రూ ఎక్కడో చెప్పదు. అందుకని క్యాబిన్ అద్దాలకు తెరలు దించి, టార్చిని గోడకు ఆనించి పెట్టాను, వెలుతురు గోడ మీద పాకేలా. అప్పుడు కనబడ్డాయి. రెగ్జిన్ కింద పలచటి స్పాంజి, స్క్రూ తల ఉన్నచోట అది రవ్వంత లోపలికి కుంగి ఉంది. బొటనవేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. ఒక్కొక్క చోట స్టిక్కరు ముక్క అంటించుకుంటూ పోయాం. పదమూడు.

రెగ్జిన్ ఊడదీయడానికి హీట్ గన్ వాడలేదు. పాత రెగ్జిన్ ఆ వేడికి బొబ్బలెక్కుతుంది. మేకప్ అద్దం సొరుగులో హెయిర్ డ్రయ్యర్ ఉంది. దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, బయటి లైను కేవలం ఆ బోర్డుకే ఇచ్చి, పై అంచు నుంచి మెల్లగా వేడి చేశాం. ఒకరు వేడి పెడుతుంటే ఇంకొకరు అంచు పట్టుకుని తన వైపుకు కాక కిందికి మడతపెట్టినట్టు లాగాలి. జిగురు తేనె తీగల్లా సాగుతూ వదిలింది. గంటన్నరకు తలుపు తెరలా రెగ్జిన్ మొత్తం కిందికి వేలాడింది, ఒక్క చిరుగు లేదు. డ్రైవరు ముఖం అప్పుడు విచ్చుకుంది, టీ కూడా తెప్పించాడు.

కింద ప్లై మీద పెన్సిలుతో గీసిన గీతలు, కొలతలు, ఎవరో కార్పెంటరు కూడికలు. బండి అంగుళాల్లో కట్టారు, నా కొలతలు సెంటీమీటర్లలో ఉన్నాయి.

పదమూడు స్క్రూలూ విప్పాం. రెండిటికి తుప్పు పట్టి గాడి అరిగిపోతే, స్క్రూడ్రైవరును గాడిలో పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేసి, పానాతో తిప్పితే వచ్చాయి. పలక మూడు వైపులా కదిలింది, కుడి కింది మూల మాత్రం కదలదు. అక్కడ లాగితే ప్లై పొరలు విడిపోతున్నాయి. బలం పెంచే ముందు ఎక్కడ పట్టుకుందో చూద్దామని ఆగాం. ఆ మూల మీద అగ్నిమాపక సిలిండరు స్టాండు ఉంది, దాన్ని తర్వాతెప్పుడో బిగించారు. స్టాండు తీస్తే పద్నాలుగో స్క్రూ. టార్చి వెలుతురు స్టాండు కిందికి పోదు కదా.

ఇంజన్ బానెట్టు మీద డ్రైవరు దుప్పట్లు రెండు పరిచాం. ఇద్దరం పలకను పట్టుకుని ఒక జానెడు వెనక్కి లాగి ఆపాం, ఎందుకంటే వైర్లకు అంతకుమించి పొడవు లేదు. మూడోవాడు టార్చి పట్టుకుని పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు పీకాడు, కరెంటు వైరు కత్తిరించాడు. తర్వాత టీవీతో సహా పలకను తెర కిందికి, బోల్టుల తలలు పైకి వచ్చేలా బానెట్టు మీద పడుకోబెట్టాం. ఇప్పుడు విప్పాం ఆ నాలుగు బోల్టులు, ఒక్కో నిమిషానికి ఒకటి. పాత టీవీని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ముక్క విరగకుండా అప్పజెప్పాను.

కొత్త టీవీ, మొదటి ఓటమి

పెట్టె లోపలి కొలత 70 సెంటీమీటర్లు. 32 అంగుళాల టీవీ పట్టదు. 24 అంగుళాలది హాయిగా పడుతుంది, కానీ బొమ్మ పాతదానికన్నా చిన్నది. యజమాని ససేమిరా అన్నాడు, ఆ విషయంలో నేనూ ఆయన వైపే. అద్దెకిచ్చే బండిలో కొత్త టీవీ పాతదానికన్నా చిన్నగా ఉంటే ఎవరు ఒప్పుకుంటారు?

32ను పెట్టె లోపల కాకుండా ఫ్రేము ముందు, దాన్ని కప్పేలా పెడదామని నిర్ణయించాం. కొత్త టీవీ సన్నటిది, నాలుగున్నర కిలోలు. సోఫాకూ దానికీ మధ్య దారి మూడు వేళ్లు తగ్గుతుంది, పర్వాలేదు. పెట్టె ఖాళీ అవుతుంది, సెట్‌టాప్ బాక్సు అందులోకి మారుతుంది. దీనికింకో కారణం కూడా ఉంది. పాత మూడు రంగుల వైర్లు అల్మారా నుంచి ప్లాస్టిక్ పైపులో వచ్చేవి. ఆ పైపులో కొత్త టీవీలకు పెట్టే హెచ్‌డీఎంఐ వైరు తల దూరదు. డిష్ కేబులైతే దూరుతుంది, చివర పిన్ను లోపలికి వచ్చాక బిగించుకోవచ్చు. కాబట్టి పైపులోంచి డిష్ కేబులే తెచ్చి, బాక్సును టీవీ వెనకే పెట్టి, చిన్న హెచ్‌డీఎంఐ ముక్క కలిపాను. బాక్సు కన్ను పాత రిమోట్ గంటు ఎదురుగా వచ్చేలా పెట్టాను, గంటును కింది వైపు కాస్త పెంచాను. పద్నాలుగేళ్ల కిందట కోసిన గంటు మళ్లీ అక్కరకొచ్చింది.

కానీ టీవీ ముందుంటే బాక్సును ఎలా అందుకోవడం? అందుకని బజార్లో దొరికే మడత చేతుల స్టాండు కొన్నాను. గోడ నుంచి ముందుకు లాగి పక్కకు తిప్పొచ్చు. అట్ట మీద 20 కిలోలకు పైగా మోస్తుందని రాసి ఉంది, మాది అయిదు కిలోలు కూడా లేదు. గురువారం రాత్రి బిగించి, పలకను పద్నాలుగు స్క్రూలతో మూసి, రెగ్జిన్ అంటించి, శుక్రవారం పొద్దున బండి పంపించాను.

ఆదివారం ఫోన్ వచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు షూటింగుకు రెండు రోజులు పోయి వచ్చేసరికి టీవీ తల వంచింది. మలుపు తిరిగినప్పుడల్లా వెళ్లి అల్మారా తలుపుకు కొట్టుకుంటోంది. స్టాండు నాసిరకం అనలేను. ఇంటి గోడకు చేసిన వస్తువు అది. దాని కీళ్లు రాపిడి మీద నిలబడతాయి, బోల్టు బిగువే వాటికి ఆధారం. గోడకు నిశ్చలంగా వేలాడే బరువు వేరు, గుంతల్లో గంటల తరబడి కుదుపే బరువు వేరు. ప్రతి కుదుపుకీ కీలు రవ్వంత వదులవుతుంది, వదులయ్యేకొద్దీ కుదుపు పెరుగుతుంది. బళ్లలో ఇంతకాలం పనిచేసినవాడిని, అట్ట మీద అంకె చదివి మోసపోయాను.

నిలబడినది

రెండోసారి స్టాండ్లు, చేతులు అన్నీ మానేసి తలుపులా కట్టాం. ముప్పావు అంగుళం స్క్వేర్ పైపుతో 32 టీవీకి సరిపడా చట్రం వెల్డు చేయించాను. టీవీ వెనక నాలుగు కంతలకు దాన్ని బిగించాం, స్ప్రింగు వాషర్లు వేసి. ఎడమ వైపు పై నుంచి కింది దాకా పియానో కబ్జా, అంటే పొడుగు పట్టీలాంటి తలుపు బందు. కబ్జా రెండో రెక్కను ప్లైకి కాకుండా లోపల ఉన్న పైపుకే నట్టు బోల్టుతో బిగించాం. అడ్డగోడ విప్పినప్పుడు పైపులెక్కడున్నాయో ఫోటోలు తీసుకున్నాను కాబట్టి ఈసారి వెతకలేదు. కుడి వైపు పైనొకటి, కిందొకటి తాళపు గడియలు. చట్రానికీ సన్‌మైకా ఫ్రేముకీ మధ్య చుట్టూ రబ్బరు బీడింగు. గడియలు వేస్తే రబ్బరు నొక్కుకుని కూర్చుంటుంది, ఊగడానికి చోటుండదు. గడియలు తీస్తే టీవీ తలుపులా తెరుచుకుంటుంది, వెనక బాక్సు, ప్లగ్గు, స్విచ్చు అన్నీ చేతికందుతాయి. పాత మెలివేసిన జాయింటు పోయింది, స్విచ్చున్న మూడు పిన్నుల సాకెట్టు వచ్చింది. మొదటి రోజు ఎగిరిన సన్‌మైకా మూల కూడా కొత్త చట్రం కిందకు పోయింది. ఆ సంగతి యజమానికి నేనే చెప్పాను.

బిగించిన వారానికి మేకప్ ఆవిడ ఒక మాట చెప్పింది. బాక్సు వెనక కేబులు ముట్టుకుంటే చురుక్కుమంటోందట. మీటరు పెట్టి చూస్తే కేబులు లోహానికీ బండి బాడీకీ మధ్య 105 వోల్టులు. బల్బు తగిలించగానే సున్నా. ఇది టీవీ, బాక్సు లోపలి సర్క్యూట్లలోంచి జారే అతిచిన్న కరెంటు, రెండు పిన్నుల ప్లగ్గులున్న ఇలాంటి ఎలక్ట్రానిక్ సామాన్లలో చాలావాటికి ఉండేదే. ఇంట్లో ఎక్కడో ఒకచోట అది భూమిలోకి పోతుంది. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండిలో పోవడానికి దారి లేక ముట్టుకున్నవాళ్ల వేలి మీదుగా పోతుంది. చురుక్కుమనడమే తప్ప దానివల్ల ప్రాణాపాయం లేదు. కానీ ఆ వెతుకులాటలో తెలిసింది ఏమిటంటే, బండి బాడీకీ జనరేటర్‌కీ మధ్య ఎర్తు వైరు తుప్పుతో తెగిపోయి ఉంది. అది నిజంగా ప్రమాదం. ఏసీలో ఎక్కడైనా లైను బాడీకి తగిలితే మెట్టెక్కేవాడికి షాకు. ఎర్తు కొత్తగా వేశాను, డిష్ కేబులు లోహపు అల్లికను బాడీకి కలిపాను, మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్చు, పెట్టించాను. చురుకు పోయింది. టీవీ కోసం పిలిచిన యజమానికి ఆ బిల్లు కాస్త ఎక్కువే అనిపించింది, బేరమాడకుండా మాత్రం ఇచ్చాడు.

ఎండలో మూసిపెట్టిన బండి గురించి డ్రైవరుకు ఒక మాట చెప్పి ఉంచాను. చాలా టీవీలు 40 డిగ్రీల దాకానే పనిచేయడానికి చేసినవి. మే నెలలో మధ్యాహ్నం ఆపి ఉంచిన బండిలోపల వేడి దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ముందు ఏసీ వేసి పావుగంట ఆగి, ఆ తర్వాతే టీవీ. పాతదాని బోర్డు అందుకే పోయిందని చెప్పలేను గానీ, గాలాడని పెట్టెలో అన్నేళ్లు ఉండటం దానికి మేలు చేసి ఉండదు.

పలక వెనక్కి పెట్టేముందు దాని లోపలి వైపున మార్కరుతో బొమ్మ గీశాను. పద్నాలుగు స్క్రూల చోట్లు, సిలిండరు స్టాండు కింద ఒకటుందన్న హెచ్చరిక, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుస. అదే బొమ్మ ఫోటో యజమాని ఫోనులో, డ్రైవరు ఫోనులో ఉంది.

ఎనిమిది నెలలైంది. రబ్బరు ఒకసారి మార్చాం, గడియలు బిగువుగానే ఉన్నాయి.

దసరా ముందు అదే యజమాని ఇంకో బండి పంపాడు. అదే షెడ్డులో, మరుసటేడు కట్టిన బండి. అదే టేకు రంగు సన్‌మైకా, అదే రూపాయి బిళ్ల గంటు. మా కుర్రాడు ఈసారి నన్ను అడగను కూడా అడగలేదు, అయస్కాంతానికి దారం కట్టుకుని నేరుగా డ్రైవర్ క్యాబిన్‌లోకి ఎక్కాడు. ఇరవై నిమిషాల తర్వాత దిగి వచ్చి, "అన్నా, ఈడ ఒక్క బోల్టు కూడా లేదు" అన్నాడు.

ఇద్దరం గదిలోకి వెళ్లి సోఫాలో కూర్చుని టీవీ వైపు చూశాం. ఈ బండిలో క్యాబిన్ గోడకు బయటి వైపున ఏసీ డక్టు ఉంది, దాని మీద జాయింటు లేని రేకు. అటునుంచి పలక దూర్చడం కుదరదు. మరి ఎటునుంచి దూర్చి ఉంటాడు? కుడి పక్క బాత్రూము. దాని గోడకు టైల్స్ అంటించి లేవు, మొత్తం ఒకే ఫైబర్ షీటు, అంచుల్లో తెల్ల సిలికాన్.

"బాత్రూం అద్దం విప్పు" అన్నాను.